వృత్తి అన్న గడిలో

సభకు నమస్కారం.

ఈ పౌర గ్రంథాలయానికి వచ్చినవారు ముందుగా బీరువాల మీది చీటీలు చూస్తారు. పుస్తకానికి చీటీ మేలే చేస్తుంది. దాన్ని మనిషికి అంటిస్తే ఏమవుతుందన్నది ఈ సాయంత్రం నా విషయం.

చాలా ఏళ్ళ కిందట నేనొక కార్యాలయంలో దరఖాస్తులు నింపే పనిలో ఉండగా, అగనంపూడి పునరావాస కాలనీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. విశాఖ ఉక్కు కర్మాగారం కింద భూమి పోయిన కుటుంబం వారిది. ప్లాస్టిక్ సంచిలోంచి, అలా భూమి పోయినవారికిచ్చిన ఆర్ కార్డు తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టారు. దాన్ని చూడగానే, ఆయన ముఖమైనా సరిగా చూడకుండా, వృత్తి అన్న గడిలో ‘నిర్వాసితుడు’ అని రాసేశాను. రాసింది చదివించుకుని, “అది నేను సేసే పని కాదు బాబూ, నాకు జరిగిందది” అన్నారు.

నిజమే, ఆ కార్డు లేకుంటే ఆ ఇంటికి ఉద్యోగం అడిగే దారే ఉండేది కాదు. కుల ధ్రువపత్రం సంగతీ అంతే. వర్గీకరణే వద్దనేవారిలో చాలామందికి ఏ కార్డుతోనూ అవసరం పడి ఉండదని నా అనుమానం. చిక్కెక్కడంటే, ఒక అవసరానికి పెట్టిన పేరు అక్కడితో ఆగక, ఆ మనిషి చేసే ప్రతి పనికీ తానే అర్థం చెప్పబూనుకుంటుంది.

కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. తీరం నుంచి పశువుల మీద ఉప్పు తీసుకెళ్ళి, లోపలి ఊళ్ళలో ధాన్యానికి మార్చుకున్న ఎరుకలవారికి రైళ్ళు వచ్చాక బేరం దెబ్బతింది. ఆపైన ఈ చట్టం వచ్చింది. అంతవరకూ వ్యాపారమనిపించుకున్న ఊరూరి తిరుగుడే అనుమానానికి ఆధారమైంది. కాళ్ళు అవే, దారులూ అవే. పేరు నమోదు, వేలిముద్ర, పోలీసులకు హాజరు వచ్చిపడ్డాయి. వారిని స్థిరపరచడానికి ఏర్పడ్డ స్టూవర్టుపురం పేరే దొంగకు మారుపేరైపోయింది. 1952లో చట్టం రద్దయ్యాక పెట్టిన ‘విముక్త జాతులు’ అన్న పేరు కూడా, విడుదలైన మనిషిని పాత సంకెలతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఊరి పిల్లవాడు ఇవాళ హాస్టల్లో తన ఊరు చెబితే ఒక చూపు, చెప్పకపోతే ‘దాస్తున్నాడు’ అని మరో చూపు. వాడికి మనం మిగిల్చిన మూడో దారి ఏదో నాకు తోచదు.

ఆ రోజు పెద్దాయనను, మరేం రాయమంటారని అడిగాను. వంకాయ మడుల గురించీ, ఇప్పుడు కర్మాగారం గోడ లోపలికి పోయిన తాటితోపు గురించీ చెప్పారు. పండగలకు తప్పెటగుళ్ళను రొమ్ముకు కట్టి, వాయిస్తూ ఆడేవారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన చేతులు వాటంతటవే రొమ్ము మీదికి వెళ్ళాయి. ఆ తర్వాత కాంట్రాక్టరు కింద పని, నడుం నొప్పి, మనవడి చదువు. వెనక వరుస పెరుగుతోంది. గడి వెడల్పు రెండంగుళాలు. ముందు రాసింది కొట్టేసి, దాని పైన ‘కూలీ’ అని రాశాను.

ఈసారి ఆయన చదివించుకోలేదు.