భయపడే పిల్లలకు థెరపీలో అసలు ఏం చేస్తారు?

[తెరపై: గుమ్మం దగ్గర బడి సంచి, పక్కన బూట్లు]

నమస్కారం. సోమవారం ఉదయం ఏడున్నర. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి కడుపునొప్పి అంటుంది. డాక్టరు చూశారు, పరీక్షలు చేయించారు, ఏమీ లేదన్నారు. ఆదివారం రాని నొప్పి సోమవారమే వస్తుంటే ఇంట్లో ఒకరు "నాటకాలాడుతోంది" అంటారు, ఇంకొకరు "పోనీలే, ఇవాళ్టికి మాననివ్వండి" అంటారు. ఆ నొప్పి నిజమైనదే. పిల్లల్లో ఆందోళన చాలాసార్లు కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటపడుతుంది. ఇలాంటి పిల్లలకు థెరపీలో ఏం చేస్తారో ఇప్పుడు చూద్దాం.

కౌన్సెలింగ్ అనగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పడమే అనుకుంటాం. "ధైర్యంగా ఉండమ్మా" అంటే ధైర్యం వచ్చేటట్టయితే అమ్మమ్మ చెప్పినప్పుడే వచ్చి ఉండేది. భయానికి చేసే చికిత్సలో మాటల కన్నా సాధన ఎక్కువ.

[తెరపై: 1924 — మేరీ కవర్ జోన్స్]

దీని వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది. 1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్, పీటర్ అనే పిల్లవాడి గురించి ఒక వ్యాసం ప్రచురించారు. చికిత్స మొదలుపెట్టేనాటికి వాడికి మూడేళ్లు కూడా నిండలేదు. కుందేలంటే హడలిపోయేవాడు. బొచ్చు కోటన్నా, దూదన్నా భయమే. మొదట కుందేలంటే భయం లేని పిల్లలతో కలిపి ఆడించారు. భయం కొంత తగ్గింది. ఇంతలో జబ్బు చేసి రెండు నెలల పాటు రాలేకపోయాడు. దానికి తోడు ఆసుపత్రి నుంచి వస్తుండగా ఒక పెద్ద కుక్క మీదికి దూకింది. భయం మళ్లీ మొదటికి వచ్చింది. జోన్స్ వదల్లేదు. వాడికి ఇష్టమైన తిండి పెడుతూ, వాడు బెదిరిపోనంత దూరంలో కుందేలును ఉంచి, క్రమంగా దగ్గరకు తెచ్చారు. చివరికి ఆ కుందేలు తన వేళ్లను మెల్లగా కొరుకుతున్నా వాడు బెదరలేదు.

నాకు ఈ కథలో విలువైనదిగా తోచేది ఆ మధ్యలో వచ్చిన వెనుకంజ. వేసవి సెలవుల తర్వాత పిల్ల భయం తిరిగి వస్తే "థెరపీ పనిచేయలేదు" అని మానేసే తల్లిదండ్రులు ఉంటారు. దయచేసి మానకండి. భయం తిరిగి రావడం ఈ చికిత్సలో మామూలే.

[తెరపై: అయిదు మెట్ల బొమ్మ]

ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీలో, నేడు ఇదే పద్ధతిని మెట్లుగా కడతారు. మన అమ్మాయి తరగతిలో లేచి జవాబు చెప్పలేకపోతోందనుకుందాం. మొదటి మెట్టు, ఇంట్లో అమ్మ ముందు ఒక పేరా పైకి చదవడం. తర్వాత పిన్ని కూతురి ముందు. తర్వాత ఖాళీ తరగతి గదిలో టీచర్ ఒక్కరి ముందు. ఆపైన నలుగురు స్నేహితురాళ్లు, చివరికి తరగతి మొత్తం. ఏ మెట్టు ముందు, ఏది తర్వాత అనేది థెరపిస్టుతో కలిసి పిల్లే నిర్ణయిస్తుంది. ప్రతి మెట్టుకు ముందు ఏం జరుగుతుందని భయపడుతోందో రాస్తుంది: "అందరూ నవ్వుతారు." చదివి వచ్చాక ఏం జరిగిందో రాస్తుంది. ఆ రెండు వాక్యాల మధ్య తేడాను తన కళ్లతో తాను చూసుకుంటుంది. పెద్దలు ఎంత నచ్చజెప్పినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

ఒక హెచ్చరిక. బడిలో ఎవరైనా కొడుతున్నారా, వేధిస్తున్నారా, ఒంటి మీద చేయి వేస్తున్నారా అన్నది ముందు తెలుసుకోవాలి. నిజమైన ప్రమాదానికి పిల్లను అలవాటు చేయడం చికిత్స కాదు. అలాంటిదేమైనా ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

మందుల సంగతేమిటని అడుగుతారు. 2008లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, ఆందోళన సమస్యలున్న 488 మంది పిల్లలకు పన్నెండు వారాల చికిత్స చేశారు. సీబీటీ తీసుకున్నవారిలో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ మందు వాడినవారిలో 55 శాతం, రెండూ కలిపి తీసుకున్నవారిలో 81 శాతం బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 24 శాతమే. కాబట్టి మందు పేరు వినగానే బెదరనక్కర్లేదు. అయితే అది సైకియాట్రిస్టు రాయాలి, ఆయన పర్యవేక్షణలోనే వాడాలి.

[తెరపై: తల్లి, తండ్రి, థెరపిస్టు]

ఇక తల్లిదండ్రుల దగ్గరకు వద్దాం. పిల్ల బాధ చూడలేక బడికి సెలవు చెబుతాం, దుకాణంలో తన బదులు మనమే మాట్లాడతాం, రాత్రి పక్కనే పడుకుంటాం. ప్రేమతోనే చేస్తాం. కానీ దాంతో "ఇది నేను తట్టుకోలేనిదే" అని పిల్లకు ఖాయమవుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ అనే పద్ధతిలో థెరపీకి వెళ్లేది తల్లిదండ్రులే. ఈ సర్దుబాట్లను ఒక్కొక్కటిగా తగ్గించుకోవడం నేర్చుకుంటారు. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు. అయినా నువ్వు తట్టుకోగలవు" అనడం నేర్చుకుంటారు. 2019 నాటి అధ్యయనంలో దీని ఫలితాలు, పిల్లలకే నేరుగా సీబీటీ ఇచ్చినప్పటి ఫలితాలకు తీసిపోలేదు. థెరపిస్టు దగ్గరకు రానని మొండికేసే పిల్లలున్న ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

మరీ చిన్న పిల్లలకు ఆట ద్వారా చికిత్స చేస్తారు. ఇంటర్ వయసు పిల్లలు చేయి కోసుకోవడం వంటివి చేస్తుంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఉంది. దీన్ని రూపొందించిన మార్షా లినెహాన్, యుక్తవయసులో తానూ మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పారు. భావోద్వేగం పొంగివచ్చిన ఆ కొన్ని నిమిషాలు తనను తాను గాయపరచుకోకుండా ఎలా గడపాలో ఇందులో నేర్పుతారు. ముఖాన్ని చల్లని నీళ్లలో ముంచడం కూడా అందులో ఒక మెళకువ. టీనేజర్ల తరగతుల్లో అమ్మానాన్నలూ పక్కనే కూర్చుని నేర్చుకుంటారు.

[తెరపై: టెలీ మానస్ 14416]

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేయండి. డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్ల చచ్చిపోవాలని ఉందని అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్లినప్పుడు ఈ వృత్తివారిని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఆ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఈ వారం మా అమ్మాయి ఇంటి దగ్గర ఏం సాధన చేయాలి? మేం ఏం చేయడం మానుకోవాలి? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పేవారి దగ్గరే కొనసాగండి.