రింగ్ అని రాసుంటే ట్యూమరేనా?

అందరికీ నమస్తే. మొన్న రాత్రి పదకొండు దాటాక మా చిన్నాన్న ఫోన్ చేశాడు. పొద్దున వాళ్లబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, ఇరవై రెండేళ్లకి ఇదే మొదటిసారి, వెంటనే ఎమ్మారై తీయించి రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టాడు. అందులో "రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్" అని ఉంది, అంటే అంచు ఉంగరంలా మెరిసే మచ్చో గడ్డో. ఆ ముక్క గూగుల్లో కొట్టారు, పైనా ట్యూమరే, కిందా ట్యూమరే. వెనక పిన్ని ఏడుపు వినిపిస్తోంది.

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు, కానీ ఈ రింగ్ ఏంటో చెప్పగలను. స్కాన్ మధ్యలో చేతికి ఇంజెక్షన్ ఇస్తారు చూడండి, కాంట్రాస్ట్ అంటాం, ఎమ్మారైకి గాడోలినియం మందు. మామూలుగా మెదడులోని రక్తనాళాలు దాన్ని బయటికి పోనివ్వవు. ఆ కాపలా దెబ్బతిన్న చోట మందు కారి తెల్లగా మెరుస్తుంది. గడ్డ గోడకి మందు పట్టి లోపల పట్టకపోతే ఫిల్ములో గారెలా కనిపిస్తుంది. అంటే రింగ్ అనేది ఆకారం, జబ్బు పేరు కాదు. ట్యూమర్‌కీ వస్తుంది, చీముగడ్డకీ, టీబీ గడ్డకీ, బద్దెపురుగు తిత్తికీ వస్తుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఇది మావాడి స్కానే, పేరు తీసేశాను. రింగ్ 11 మిల్లీమీటర్లు. లోపల ఒక పక్కకి చిన్న చుక్క కనిపిస్తోందా? అది పురుగు తల. అది కనబడిందంటే ఇంక పెద్దగా అనుమానం ఉండదు.

ఒకప్పుడు మన దేశంలో ఇలాంటి చిన్న రింగ్ కనబడితే టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించేవారు. 1980ల చివర్లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో న్యూరోసర్జన్లు చాందీ, రాజశేఖర్ బృందం ముక్క తీసి పరీక్ష చేస్తే చాలావాటిలో ఉన్నది పురుగే! గడ్డ ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్లు దాటకుండా, మెదడు మధ్యగీత పక్కకి జరగకుండా, తలలో ఒత్తిడి, రోజురోజుకీ పెరిగే బలహీనత లాంటివి లేకుండా ఫిట్స్ మాత్రమే వస్తే ముందు పురుగునే అనుమానించాలని వాళ్లు లెక్క తేల్చారు.

"వాడు పంది మాంసం ముట్టడు కదరా" అంది పిన్ని. ముట్టక్కర్లేదు పిన్నీ. సరిగా ఉడకని మాంసం తిన్నవాళ్ల పేగుల్లో పురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మలంతో బయటికొచ్చి, కడగని చేతులనుంచో కూరగాయలనుంచో శాకాహారుల నోట్లోకీ పోతాయి, వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడుకి చేరతాయి. ఈ పురుగుకి వాడే ఆల్బెండజోల్ స్కూల్లో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్రే కదా అని మీ అంతట మీరు కొని వేసుకోకండి, మెదడులో పురుగు చచ్చేటప్పుడు చుట్టూ వాపు వస్తుంది, అందుకే డాక్టర్లు స్టెరాయిడ్ కూడా ఇస్తారు.

మరి చీముగడ్డనీ ట్యూమర్‌నీ ఎలా విడదీస్తారు? ఎమ్మారైలోనే డిఫ్యూజన్ అని ఇంకో సీక్వెన్స్, అంటే ఇంకో రకం ఫోటో ఉంది, నీటి కణాలు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చూపిస్తుంది. చీము చిక్కన, నీళ్లు కదలవు, అందుకే లోపల తెల్లగా వెలుగుతుంది. కుళ్లిన ట్యూమర్ లోపల పలచన, చాలావరకు నల్లగానే ఉంటుంది.

కామెంట్లలో చాలామంది అడిగే అరాక్నాయిడ్ సిస్ట్ వేరే సంగతి. అది వెన్నునీరు, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు, నిండిన తిత్తి, గోడ మెరవదు, చాలామందికి పుట్టుకతోనే ఉండి, తలకి దెబ్బ తగిలి స్కాన్ తీస్తే అప్పుడు బయటపడుతుంది. ఎక్కువమందికి ఏ వైద్యమూ అక్కర్లేదు.

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, ఫిల్ములు, సీడీ కూడా తీసుకెళ్లండి. మావాడి కాగితంలో ఆ చుక్క మాటే లేదు, సీడీ పెట్టి చూశాకే దొరికింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, బైక్ తాళం చిన్నాన్న దగ్గరుంది, దానికే వాడికి కోపం. కొన్ని నెలలకి మళ్లీ స్కాన్ తీస్తారు. వాడు ఒప్పుకుంటే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా.