బోర్డర్ దాటితే చర్చి మారే రాణి

అందరికీ నమస్కారం. విక్టోరియా రాణి, మతం అనగానే మీలో సగం మందికి అప్పుడే ఆవులింతలు వచ్చి ఉంటాయి, అందుకని ఉంగరం కథతో మొదలుపెడతాను.

1838 జూన్ 28, లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబీ. పంతొమ్మిదేళ్ల అమ్మాయికి పట్టాభిషేకం. కెంపు ఉంగరాన్ని చిటికెన వేలి కొలతకి చేయించారు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ గారేమో కాదు పక్క వేలికే అని పట్టుబట్టి బలవంతంగా ఎక్కించేశారు. తర్వాత చల్లటి ఐసు నీళ్లలో చెయ్యి ముంచి లాగితే గానీ అది ఊడి రాలేదు, ఎంత నొప్పి పుట్టిందో ఆవిడే డైరీలో రాసుకుంది. ఇది చాలదన్నట్టు ఇంకో బిషప్ పుస్తకంలో రెండు పేజీలు కలిపి తిప్పేసి, అయిపోయిందని చెప్పేశాడు, ఆవిడ లేచి వెళ్లాక మళ్లీ వెనక్కి పిలిపించారు. పక్కనున్న చిన్న చాపెల్‌లోకి వెళితే బల్లపీఠం మీద శాండ్‌విచ్‌లు, వైన్ సీసాలు! మన పెళ్లిళ్లే నయం, పంతులుగారు తొందరపడ్డా పీటల మీద టిఫిన్లు పెట్టరు.

బిషప్పులంటే ఆవిడకి జీవితాంతం పెద్దగా గిట్టకపోవడానికి ఆ రోజే కారణమని నేననను గానీ, గిట్టలేదన్నది మాత్రం నిజం. అలాంటి మనిషి చట్టం ప్రకారం ఆ బిషప్పులందరికీ పైన, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి సుప్రీం గవర్నర్. ప్రధానమంత్రి సలహా మీద బిషప్పుల్ని నియమించేది ఆవిడ పేరు మీదే.

ఇక్కడో తమాషా ఉంది. రైలెక్కి స్కాట్లండ్‌లో దిగితే ఈ హోదా ఉండదు. అక్కడి అధికారిక చర్చి ప్రెస్బిటీరియన్, అందులో బిషప్పులే ఉండరు, రాణి దాన్ని కాపాడతానని మాట ఇస్తుందే తప్ప దానికి పెద్ద కాదు. స్కాట్లండ్‌లో తన సొంత కోట బాల్మొరల్‌లో ఉన్నప్పుడు ఆవిడ పక్కనే ఉన్న క్రేతీ చర్చికి వెళ్లి పల్లెటూరి జనంతో పాటు కూర్చుని ప్రసంగం వినేది. ఆడంబరం లేని ఆ ఆరాధనే ఆవిడ మనసుకి దగ్గర. 1873లో అక్కడ ప్రభు రాత్రి భోజనం కూడా తీసుకుంది. ఇంగ్లండ్‌లో గొడవ మొదలైంది, మన చర్చికి పెద్దదిక్కు అయ్యుండి బిషప్పుల్లేని వాళ్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడమేంటని. ఆవిడ లెక్కచెయ్యలేదు.

అలాగని మరీ ఉదారంగా ఊహించుకోకండి. 1850లో పోప్ ఇంగ్లండ్‌కి మళ్లీ క్యాథలిక్ బిషప్పుల్ని ఏర్పాటు చేస్తే దేశమంతా ఊగిపోయింది, అప్పుడు క్యాథలిక్కులని నోటికొచ్చినట్టు తిట్టడం వినలేకపోతున్నానని ఉత్తరం రాసింది ఈవిడే. కానీ తన సొంత చర్చిలో కొందరు ఫాదర్లు క్యాథలిక్కుల్లాగా కొవ్వొత్తులు, ధూపం, రంగు వస్త్రాలు మొదలుపెడితే మాత్రం ఓర్చుకోలేక, వాళ్లని అదుపు చేసే చట్టం కోసం ప్రధానమంత్రి డిజ్రేలీ వెంటపడింది. 1874లో ఆ చట్టం వచ్చింది. కోర్టు మాట వినలేదని ఐదుగురు జైలుకెళ్లారు, ఒకాయనైతే ఏడాదిన్నర పైనే లోపలున్నాడు. ధూపం వేసినందుకు జైలు! జనానికి వాళ్ల మీద జాలి పుట్టి చివరికి చట్టమే నవ్వులపాలైంది. నా లెక్కలో ఆవిడ చేసిన పెద్ద పొరపాట్లలో ఇదొకటి. పక్కింటి వాళ్లు ఏం చేసుకున్నా సరే, మా ఇంట్లో మాత్రం కుదరదు అన్న రకం.

మనకి సంబంధించిన ముక్క 1858లో ఉంది. తిరుగుబాటు అణిగింది, కంపెనీ పోయింది, రాణి పేరుతో ప్రకటన రావాలి. ఆ ఆగస్టులో ఆవిడ కూతురిని చూడ్డానికి జర్మనీ వెళ్తే ముసాయిదా అక్కడికే పంపారు. అందులో భారతీయుల మతాల్ని, ఆచారాల్ని దెబ్బతీసే శక్తి రాణికి ఉంది అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. ఉంది గానీ వాడం అని చెప్పడమన్నమాట, కర్ర చూపించి కొట్టనులే అన్నట్టు. ఆవిడకి, భర్త ఆల్బర్ట్‌కి అది నచ్చలేదు. నెత్తురు పారిన యుద్ధం తర్వాత పది కోట్ల మందికి పైగా జనంతో ఒక స్త్రీ మాట్లాడుతోందని గుర్తుపెట్టుకుని రాయండి అని ప్రధానమంత్రి డెర్బీకి చెప్పి పంపింది. నా మతం నాకు ఊరటనిస్తోంది, అందుకే మీ మతాల జోలికి రాను అన్న ధోరణిలో మార్చమంది. నవంబర్ 1న అలహాబాద్‌లో వైస్రాయ్ కానింగ్ చదివిన ప్రకటనలో ఉన్నది ఇదే: క్రైస్తవం సత్యమని గట్టిగా నమ్ముతున్నాం, అయినా మా నమ్మకాల్ని మీ మీద రుద్దే హక్కూ మాకు లేదు, కోరికా లేదు.

మాట నిలబెట్టుకున్నారా అంటే, అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సినంత ఉంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన మిషన్ స్కూలు ఆ తర్వాత కూడా నడిచింది, బైబిలు పాఠాలు ఆగలేదు. కానీ చేతిలో కాగితమంటూ ఒకటుంది కదా, తర్వాతి తరంలో మన వాళ్లు అర్జీలు రాసేటప్పుడు మీ రాణిగారే అన్నారు చూడండి అంటూ దాన్నే ముందు పెట్టేవాళ్లు.

ఇక 1897 జూన్ 22, పాలనకి అరవై ఏళ్లు. సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో పెద్ద ఎత్తున కృతజ్ఞతా ప్రార్థన చెయ్యాలి, కానీ ఆవిడకి కీళ్లనొప్పులు, మెట్లు ఎక్కలేదు. దాంతో చర్చే బయటికొచ్చింది. బిషప్పులు, పాటగాళ్లు మెట్ల మీద నిలబడ్డారు, ఆవిడ బండి దిగకుండానే గుర్రాల వెనక కూర్చుని ఆ చిన్న ప్రార్థన విన్నది. రాజకుటుంబంలో ఒక పెద్దావిడ, అరవై ఏళ్లు ఏలి దేవుడికి దండం వీధిలో పెట్టుకోవడమేంటని విసుక్కుందట.