పటం వెనక చెమ్మ

అందరికీ నమస్కారం. అధ్యక్షులకి, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన కమిటీ వాళ్లకి, మబ్బు పట్టినా వచ్చి కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ‘తక్కువ ఖర్చుతో ఇంటి అలంకరణ’. పాత సీసాలతో దీపాలు, అట్టపెట్టెలతో అరలు, ఇలాంటివేవో చెబుతానని వచ్చి ఉంటారు. చెబుతాను. కానీ ముందు ఒక గోడ గురించి చెప్పాలి. ఆ గోడ సంగతి నేను నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇవాళ చెప్పకపోతే మళ్లీ చెప్పనేమో.

అంతకంటే ముందు ఒక్క ప్రశ్న. మీలో ఇంతవరకు స్క్రూడ్రైవర్ చేత్తో పట్టనివాళ్లు ఎంతమంది? మొహమాటం వద్దు, చేతులెత్తండి. సగానికి పైనే ఉన్నారు. సరే, మీతో తర్వాత పని ఉంది.

మా నాన్న గదిలో కిటికీ పక్కన, సరిగ్గా తల ఎత్తున, ఒక వానాకాలంలో అరచేతి వెడల్పు మరక కనబడింది. పెయింటర్‌ని పిలిచాం. గీకాడు, పుట్టీ పెట్టాడు, రెండు కోట్లు వేసి వెళ్లాడు. మర్నాటి నుంచి గోడ అద్దంలా ఉంది. మళ్లీ వానలు పడేసరికి అదే చోట పొక్కు లేచింది. వేలితో నొక్కితే అప్పడంలా చిట్లింది, లోపలినుంచి మెత్తటి తెల్లపొడి రాలింది. మళ్లీ అతన్నే పిలిచాం. ‘ఈసారి వాటర్‌ప్రూఫ్ వేద్దాం, కాస్త ఖర్చవుతుంది’ అన్నాడు. అదీ వేయించాం. ఏడాది తిరక్కుండా పొక్కు పళ్లెమంత అయింది. మూడోసారి వచ్చి, ‘ఎందుకండీ ఊరికే డబ్బు తగలేస్తారు, ఏదైనా పెద్ద పటం తగిలించండి, కనబడదు’ అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నాకు అలంకరణ అంటే ప్రాణం. పాత కిటికీ రెక్క ఒకటి మూలన పడి ఉంటే దాని చెక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి చేతులారా ఫ్రేము చేశాను. అందులో అమ్మానాన్నల పెళ్లిఫోటో పెట్టాను. అసలు ప్రింటు, ఇంట్లో ఉన్నది అదొక్కటే. కాపీ లేదు. అప్పటికే అమ్మ పోయి మూడేళ్లు. పటం తగిలించిన రోజు నాన్న కుర్చీ దాని ఎదురుగా జరుపుకున్నారు. వచ్చినవాళ్లంతా ఫ్రేము మెచ్చుకున్నారు. మరక ఊసే ఎవరికీ రాలేదు.

రెండేళ్ల తర్వాత పటం కింద అంచు నల్లబడుతోందని దించాను. వెనక అట్ట మెత్తగా నానిపోయి ఉంది, గోడ మీద పటం ఆకారంలోనే నల్లటి బూజు. ఫోటో గాజుకి అంటుకుపోయింది. నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు, కంగారులో ఒక మూల పట్టుకుని లాగాను. కాగితం వచ్చింది. అమ్మ ముఖం మాత్రం గాజు మీదే ఉండిపోయింది.

నాన్న చూశారు. నన్ను ఏమీ అనలేదు. ‘ఆ గాజు పారెయ్యకమ్మా’ అన్నారు, అంతే.

పాత ఫోటో పైపొర జెలటిన్. చెమ్మ తగిలితే అది జిగురులా మెత్తబడుతుంది, ఎదురుగా గాజు ఉంటే పట్టుకుంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే తెలియాలని చెబుతున్నాను. ఇంటికి వెళ్లగానే గోడ మీది పటాలు చూడండి. గాజుకీ ఫోటోకీ మధ్య సందు ఉందా? లేకపోతే ఫోటో చుట్టూ మందపాటి అట్టచట్రం ఒకటి కోసి పెట్టండి, దాని మందమే సందు ఇస్తుంది. పటం వెనక కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గోడకి కాపీ తగిలించి అసలుది పొడిగా ఉన్న బీరువాలో దాచండి. అప్పటికే గాజుకి అంటుకుంటే మాత్రం లాగొద్దు. గాజుతో సహా అలాగే ఉంచి ఫోటో తీయించండి. దయచేసి లాగొద్దు.

ఆ నీళ్లు ఎక్కడివని అడుగుతారేమో. డాబా మీద వాననీరు పోయే తూములో ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ సంచి, పిల్లల బంతి ఇరుక్కుని ఉన్నాయి. వాన పడ్డప్పుడల్లా సరిగ్గా ఆ గోడ నెత్తిన నీళ్లు నిలబడి దిగేవి. చేత్తో తీసేస్తే అరగంట పని. మూడుసార్లు వచ్చిన మనిషి ఒక్కసారి కూడా డాబా ఎక్కలేదు. మేమూ ఎక్కలేదు. ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ ఉంది, దాచుకోను. కానీ మా ఇంటి డాబా మాది.

రంగు ఎందుకు నిలవలేదో కూడా వినండి. ఇటుకలో, సిమెంటులో ఉప్పులుంటాయి. నీరు వాటిని కరిగించుకుని గోడ పైకి మోసుకొస్తుంది. పైకొచ్చాక నీరు ఆరిపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. రంగు కింద ఆ స్ఫటికాలు పెరిగి పొరని పైకి తోస్తాయి. మేం చూసిన తెల్లపొడి అదే. పైన ఎంత గట్టి పూత వేసినా వెనక నీరు ఆగదు కదా. ఆ పొడిని తడిబట్టతో తుడవొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులపండి.

మీ గోడ మీద మరక ఉంటే ముందు ఒక పని చేయండి. అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకి గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. షీటుకి గోడ వైపు చెమట పడితే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గదిలోని ఆవిరి, కిటికీ తెరిచి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది. గోడలోంచి వస్తోందంటే డాబా, తూము, పైపులు చూడండి. మరక నేల దగ్గర మొదలై పైకి పాకుతుంటే పునాది నుంచి ఎక్కుతున్నట్టు, దానికి తెలిసిన మేస్త్రీ కావాలి. మూలం ఆగాక గోడని ఆరనివ్వండి. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. పండగనో పెళ్లనో తొందరపడి రంగు వేయకండి.

బూజు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బ్లీచింగ్ నీళ్లలో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ‘రెండూ కలిపితే బాగా పోతుంది’ అని ఎవరు చెప్పినా వినొద్దు. చాలా పాత ఇళ్లలో రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము పిల్లల మీద పడనివ్వకండి.

అలంకరణ చెబుతానని మరక దగ్గరే ఆగిపోయాననుకుంటున్నారు కదా. గోడ కాగితాల మీద పూలూ తీగలూ గీసి పేరు తెచ్చుకున్న విలియం మోరిస్, 1877లో మరికొందరితో కలిసి పాత కట్టడాల్ని కాపాడే సంఘం పెట్టాడు. దాని ప్రకటనలో ఆయన కోరింది పూలూ తీగలూ కాదు. రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండి శిథిలం కాకుండా ఆపండి, కారే కప్పు బాగుచేయండి అని కోరాడు. అలంకరణ తెలిసిన మనిషి ఆ మాట అన్నాడని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది.

ఇక గోడ పొడిగా ఉన్నవాళ్లకి. అన్నిటికంటే తక్కువ ఖర్చులో గది మారిపోవాలంటే బల్బు మార్చండి. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే తెల్లటి వెలుగు, పని చేసే చోటికి బాగుంటుంది. 2700 ఉంటే పసుపు వెలుగు, పడకగదికి, కూర్చునే మూలకి అది పెట్టండి. కర్టెన్ రాడ్డు కిటికీ అంచుకి కాకుండా జానెడు పైన, రెండు పక్కలా జానెడు బయటికి బిగించండి. అదే కిటికీ పెద్దగా కనబడుతుంది, కర్టెన్ పూర్తిగా పక్కకి తప్పుకుని వెలుగూ ఎక్కువ వస్తుంది. మిగిలిన రంగు డబ్బాలు ఉంటే నాలుగు గోడలూ వేయక్కర్లేదు, పుస్తకాల అర వెనక పలక ఒక్కటి వేసి చూడండి. సొరుగు బిగుసుకుంటే పట్టాల మీద కొవ్వొత్తి రుద్దండి, జారుతుంది. సీసాల దీపాలు కావాలన్నవాళ్లు సభ అయ్యాక అడగండి, ఇప్పుడు టైం చాలదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. రెండు నిమిషాలివ్వండి.

ఈ బల్ల మీద తలుపు చెక్క ముక్క ఒకటి తెచ్చాను. తలుపు వాలిపోయి నేలకి రాసుకుంటోందని చాలామంది కొత్త బందులు కొంటారు, తలుపు అడుగు కోయిస్తారు. చాలాసార్లు బందుకి ఏమీ కాదు, స్క్రూ రంధ్రం వదులై ఉంటుంది. నాలుగు అగ్గిపుల్లలు తీసుకుని మందు తలలు విరిచేసి, చెక్క జిగురులో ముంచి రంధ్రంలో బిగుతుగా దిగ్గొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, బయటికొచ్చినది కోసేసి, మళ్లీ అదే స్క్రూ తిప్పాలి. ఇందులో పుల్లలు నిన్న రాత్రే పెట్టాను, ఆరిపోయాయి. స్క్రూ ఒక్కటే మిగిలింది.

మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, ఆ చివర్న, నువ్వే. రామ్మా ఇటు. స్క్రూడ్రైవర్ నిటారుగా పట్టుకో, చెక్కకి ఆనించి నొక్కుతూ కుడివైపుకి తిప్పు. గట్టిగా అనిపించినా ఆపకు. పట్టేదాకా తిప్పు.