డానియెలా వేగా: ఆస్కార్ వేదిక ఎక్కిన రోజుకీ కార్డులో మగపేరే

[తెర మీద: ఆస్కార్ వేదిక. గులాబీ రంగు గౌనులో ఒకామె మైకు దగ్గరికి నడిచి వస్తుంది.]

2018 మార్చి 4, లాస్ ఏంజెలిస్. 90వ ఆస్కార్ వేడుక. ఈమె వచ్చింది, తర్వాత రాబోయే పాటను పరిచయం చేసింది, వెళ్లిపోయింది. ఒక్క నిమిషం పని. కానీ తాను ట్రాన్స్ అని బాహాటంగా చెప్పుకున్న మనిషి ఆస్కార్ వేదిక మీద ప్రెజెంటర్‌గా నిలబడటం అదే మొదలు. అదే రాత్రి, ఆమె హీరోయిన్‌గా చేసిన చిలీ సినిమాకు ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

పేరు డానియెలా వేగా. ఈ పేరుతోనే లోకమంతా ఆమెను పిలిచింది. చిలీ ప్రభుత్వం తప్ప. ఆ రోజుకి ఆమె గుర్తింపు కార్డులో ఉన్నది పుట్టినప్పుడు పెట్టిన మగపేరే.

[తెర మీద: శాంటియాగో నగరం, వెనక మంచు కప్పిన ఆండీస్ కొండలు]

1989 జూన్‌లో చిలీ రాజధాని శాంటియాగోలో పుట్టింది. అప్పటికి నియంత పినోచెట్ ఇంకా గద్దె దిగలేదు. దిగాక కూడా ఇళ్లలో, చట్టాల్లో చర్చి మాటే చెల్లుబాటైంది. స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది 1999లో. ఇంకో సంగతి చెబితే నమ్మరు, చిలీలో విడాకుల చట్టం వచ్చిందే 2004లో! సరిగ్గా ఆ రోజుల్లోనే, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, డానియెలా అమ్మాయిగా బతకడం మొదలుపెట్టింది.

ఇంట్లోవాళ్లు అండగా నిలబడ్డారు. ఇది చిన్న విషయం కాదు. చాలామంది ట్రాన్స్ పిల్లల కథ ఇంటి గుమ్మం దగ్గరే తెగిపోతుంది. బడిలో మాత్రం ఏడిపించారు. చదువయ్యాక ఏం చేయాలో తోచక డిప్రెషన్‌లోకి వెళ్లింది. బ్యూటీ సెలూన్‌లో జుట్టు కత్తిరించే పని చేసింది. నాటకాల్లో చేరమని ప్రోత్సహించింది నాన్నే.

ఆమె చేతిలో అప్పటికే ఒక ఆస్తి ఉంది, గొంతు. ఎనిమిదేళ్లప్పుడే ఆమెలో ఒపెరా, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం, పాడే గొంతు ఉందని టీచర్లు గుర్తించారు. ఈ గొంతు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

తన సొంత మార్పు కథనే నాటకంగా రాయడంలో పాలుపంచుకుని, తానే ఆడింది. పేరు 'లా ముహేర్ మరిపోసా', అంటే సీతాకోకచిలుక స్త్రీ. శాంటియాగోలో అది ఏళ్ల తరబడి ఆడింది. 2014లో మొదటి సినిమా 'లా విసీతా'. తండ్రి చనిపోతే, ఆడపిల్లగా మారి పుట్టింటికి తిరిగొచ్చిన కూతురి పాత్ర.

[తెర మీద: దర్శకుడు సెబాస్టియన్ లెలియో]

ఇక అసలు మలుపు. లెలియో అప్పటికే పేరున్న చిలీ దర్శకుడు, బెర్లిన్‌లో ఉంటున్నాడు. ఒక ట్రాన్స్ మహిళ కథ రాద్దామనుకున్నాడు. తనకు తెలియని లోకం కదా, ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి. అలా డానియెలా పరిచయమైంది. నటిగా కాదు, సలహాలు చెప్పే మనిషిగా. నెలల తరబడి మాటలు నడిచాయి. స్క్రిప్టు ముందుకు సాగే కొద్దీ ఆయనకు తెలిసొచ్చింది, ఈ పాత్ర వేయాల్సింది ఈమే అని.

ఇప్పుడు ఇది మామూలే అనిపించవచ్చు. అప్పటి లెక్క వేరు. 2014లో హాలీవుడ్ నటుడు జారెడ్ లెటో ట్రాన్స్ మహిళ పాత్రకే సహాయ నటుడిగా ఆస్కార్ తీసుకున్నాడు. ఆ పాత్ర మగ నటుడు వేయడమే గొప్ప అన్నట్టు చప్పట్లు మోగాయి.

[తెర మీద: 'ఉనా ముహేర్ ఫాంటాస్టికా' దృశ్యాలు]

2017లో సినిమా వచ్చింది. ఇంగ్లిష్‌లో 'ఎ ఫెంటాస్టిక్ ఉమన్'. డానియెలా వేసిన పాత్ర పేరు మరీనా. పగలు హోటల్లో వెయిట్రెస్, రాత్రి క్లబ్బులో గాయని. తనకంటే చాలా పెద్దవాడైన ఓర్లాండోతో కలిసి ఉంటుంది. ఒక రాత్రి అతను హఠాత్తుగా చనిపోతాడు. ఏడవడానికి కూడా ఆమెకు టైమివ్వరు. ఆసుపత్రిలోనే పోలీసు కార్డు చూపించమంటాడు. అతని మాజీ భార్య అంత్యక్రియలకు రావద్దంటుంది. కుక్కపిల్లను కూడా లాక్కుపోతారు.

ఒక్క సీన్ దగ్గర ఆగుదాం. ఓర్లాండో వదిలేసిన తాళంచెవి ఒకటి మరీనాకు దొరుకుతుంది, దాని మీద 181 అనే అంకె. అది ఒక ఆవిరి స్నానశాలలో లాకర్‌దని తర్వాత తెలుస్తుంది. లాకర్ మగవాళ్ల వైపు ఉంది. ఆమె ఆడవాళ్ల వైపు నుంచి లోపలికి వెళ్తుంది, ఛాతీ దాకా కట్టుకున్న తువ్వాలును నడుము దాకా దించుతుంది, మగవాళ్ల మధ్య నుంచి నడుస్తుంది. ఎవరూ తలెత్తి చూడరు. ఆడా మగా మధ్య ఊరంతా తెగ వాదించుకునే ఆ గీత, తువ్వాలు ఒక జానెడు కిందకి జరిగితే చెరిగిపోయింది! లాకర్ తెరుస్తుంది. లోపల ఏమీ లేదు, చీకటి. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒక్క డైలాగ్ కూడా లేదు.

[తెర మీద: బెర్లిన్ చలనచిత్రోత్సవం, తర్వాత శాంటియాగోలోని అధ్యక్ష భవనం లా మొనేదా]

బెర్లిన్ చలనచిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లేకి వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) అవార్డు. తర్వాత ఆస్కార్. గెలిచొచ్చిన బృందాన్ని అధ్యక్షురాలు మిషెల్ బచెలెట్ లా మొనేదాకి పిలిచింది. డానియెలా అక్కడే, అందరి ముందూ, తన కార్డులో ఉన్న పేరు తనది కాదన్న మాట ఎత్తింది. ఆ ఏడాదే టైమ్ పత్రిక ప్రభావశీలుర జాబితాలో ఆమె పేరొస్తే, ఆ పరిచయం రాసింది కూడా బచెలెట్టే.

ఇక్కడ ఒక మాట. "ఈ సినిమా వచ్చి చిలీ చట్టాన్ని మార్చేసింది" అని చాలా వీడియోల్లో చెబుతుంటారు. అది పూర్తిగా నిజం కాదు. లింగ గుర్తింపు బిల్లు 2013లోనే పార్లమెంటుకు వచ్చింది. దాని వెనక ట్రాన్స్ సంఘాలు, తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తిరిగారు. బిల్లు మూలన పడి ఉన్న సమయంలో సినిమా ఒక తోపు తోసింది, అంతే. 2018 నవంబరులో సంతకం పెట్టింది కూడా బచెలెట్ కాదు, ఆమె తర్వాత వచ్చిన రైట్‌వింగ్ అధ్యక్షుడు పిన్యేరా. 2019 డిసెంబరులో చట్టం అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు, కోర్టుల చుట్టూ తిరగకుండా, రిజిస్ట్రీ ఆఫీసులోనే పేరు మార్చుకోవచ్చు. పద్నాలుగు దాటిన పిల్లలైతే ఫ్యామిలీ కోర్టు ద్వారా.

తర్వాత ఆమె 2019లో నెట్‌ఫ్లిక్స్ 'టేల్స్ ఆఫ్ ది సిటీ'లో, 2020లో చిలీ సిరీస్ 'లా హౌరియా'లో కనిపించింది.

[తెర మీద: సినిమా చివరి సీన్. చిన్న వేదిక, మరీనా ఒక్కతే.]

గొంతు సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. సినిమా ఒక ఒపెరా పాట మీద ముగుస్తుంది. సంగీతకర్త హెండెల్ 1738లో లండన్‌లో ప్రదర్శించిన 'సెర్సే' అనే ఒపెరాలోది. ఒక రాజు చెట్టు నీడను మెచ్చుకుంటూ పాడే పాట. పాత్ర మగవాడిది. కానీ హెండెల్ దాన్ని రాసింది కఫారెల్లి అనే కాస్ట్రాటో కోసం. అంటే గొంతు మారకముందే, చిన్నతనంలో వృషణాలు తీసేయగా ఆడవాళ్ల స్థాయిలో పాడే గాయకుడి కోసం. దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత అదే పాటను మరీనా పాడుతుంది. ఈ పాటకి ఆమెను ఎవరూ కార్డు అడగరు.

[పాట. తెర నల్లబడుతుంది.]