దిష్టిచుక్క చెరపొద్దు

కడప స్టూడియో మిత్రులకు, ల్యాబుల్లో ఎడిటింగ్ చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఎనిమిదేళ్ల కిందట మా స్టూడియోకి ఒకమ్మ పదకొండు నెలల కొడుకును ఎత్తుకొచ్చింది. వాళ్లింట్లో మామగారి చిన్ననాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉందట. దాని పక్కన మనవడిది కూడా అదే తీరులో పెట్టాలని ఆమె కోరిక. తీశాను. రాత్రి కూర్చుని చర్మం నునుపు చేశాను, రంగు తేల్చాను, బుగ్గ మీది నల్లచుక్కను హీలింగ్ బ్రష్‌తో ఒక్క క్లిక్కులో తీసేశాను. మర్నాడు ప్రింటు చేతికిస్తే చాలాసేపు చూసింది. "అన్నా, బాగుంది గానీ, ఈడు మావోని మాదిరి లేడే. దిష్టిచుక్క యాడబోయింది?" అనింది.

ఆ చుక్క ఆమె పొద్దున బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, తన కాటుక వేలితో పెట్టింది. నేను మచ్చ అనుకున్నాను. చుక్క ఒక్కటే కాదు, చామనఛాయ పిల్లవాడి రంగు కూడా తుడిచేశాను. అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. కలర్ ఫోటోను బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మన ముందు ఎనిమిది రంగుల స్లైడర్లు పెడుతుంది. మన పిల్లల చర్మం దాదాపు అంతా ఆరెంజ్‌లోను, ఎరుపులోను ఉంటుంది. ఆ రెండింటినీ పైకి నెడితే ముఖం క్షణంలో తెల్లబడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేయి ఆగదు. కానీ పెదవులూ ఎరుపే కదా, అవీ పాలిపోతాయి. ఆడపిల్ల నుదుటి ఎర్రబొట్టు చర్మంలో కలిసిపోతుంది. బుగ్గకు, పెదవికి, బొట్టుకు మధ్య ఉన్న తేడాయే ఆ ముఖం. ఆ తేడా పోయాక మిగిలేది తెల్లటి పలక.

పాతకాలంలో దీనికి సరిగ్గా తిరగబడిన కష్టం ఉండేది. అప్పట్లో ఫోటో తీయడానికి వాడిన ఆర్థోక్రొమాటిక్ గాజు ప్లేట్లకు ఎరుపు కనపడదు. అందుకే డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద వాటిని కడగగలిగేవాళ్లు. వాటి మీద ఎర్రబొట్టు నల్లగా పడేది, గోధుమరంగు చర్మం ఉన్నదానికంటే నల్లగా పడేది. అప్పటి టచింగ్ పనివాళ్లు నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గీసేవాళ్లు. నెగెటివ్‌లో గీత పడినచోట ప్రింటు తెల్లబడుతుంది. మశూచి మచ్చలు పూడ్చడం, కంటి కింద నీడ తేల్చడం అలాగే చేసేవాళ్లు. అంత కష్టమైన పని కాబట్టి ఎక్కడ ఆపాలో ఆ చేతులకు తెలిసేది. మనకు ఇప్పుడు కష్టం లేదు. ఆపడం మనమే నేర్చుకోవాలి.

ముఖం ఏ బూడిదరంగులో ఉండాలి? 1940 ప్రాంతంలో అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టం తయారుచేశారు, అంటే నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా విడగొట్టే పద్ధతి. అందులో తెల్లవాళ్ల చర్మానికి ఆరో జోన్. ముదురు రంగు చర్మానికి ఐదో జోన్, అంటే సరిగ్గా మధ్య బూడిద. చాలామంది ఆ మొదటి మాట పట్టుకుని అందరి ముఖాలనూ ఆరోదాంట్లోకి ఎక్కిస్తున్నారు. కంప్యూటర్‌లో 0 నలుపు, 255 తెలుపు అయితే, ఆ మధ్య బూడిద 118 దగ్గర ఉంటుంది. నేను చామనఛాయ పిల్లల బుగ్గ వెలుగు వైపు 120, 150 మధ్య, నీడ వైపు 70, 80 దగ్గర ఉండేలా చూసుకుంటాను. ఇంకా నల్లటి బిడ్డ అయితే అంతకంటే కిందికి. భయపడొద్దు. ఆ ముఖంలో మెరుపు ముక్కుదూలం మీద, పై పెదవి అంచున, నూనె రాసిన నుదుటి మీద దొరుకుతుంది. ముదురు చర్మం మీద వెలుగు నిలిచినంత అందంగా తెల్లచర్మం మీద నిలవదని నా నమ్మకం.

అసలు సగం పని తీసేటప్పుడే అయిపోవాలి. తెల్ల సున్నం గోడ ముందు బిడ్డను నిలబెడితే కెమెరా ఆ గోడను కూడా బూడిద చేయబోయి మొత్తం చీకటి చేస్తుంది, ముఖం మునిగిపోతుంది. ఒక స్టాప్ పెంచి, అంటే వెలుగు రెట్టింపు చేసి తీయండి. రా ఫైల్‌లోనే, అంటే కెమెరా పట్టిన వెలుగును ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌లోనే తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. నీడలోంచి ముఖాన్ని పైకి తెచ్చేటప్పుడు ఆ మెట్లన్నీ అక్కరకొస్తాయి.

ఇంకోటి మన ఊరి సంగతి. ఇక్కడ సగం ఇళ్లలో నేల కడప బండలే. ఆ నల్లరాయి వెలుగును మింగేస్తుంది. వసారాలో బిడ్డను కూర్చోబెడితే గడ్డం కింద, కంటి గుంటల్లో నీడలు గట్టిపడతాయి. రిఫ్లెక్టర్ లేదని ఆగొద్దు. బిడ్డ ముందర ఉతికిన తెల్లపంచె పరవండి. ఆ నీడలు కరుగుతాయి, కళ్లలో కింది వైపు చిన్న వెలుగు గీత కూడా పడుతుంది. నెలల పిల్లలైతే పంచె పట్టుకుని లాగుతారు. లాగనీయండి, మంచి ఫోటో అప్పుడే వస్తుంది.

ఎడిటింగ్‌లో నేను చేసేది తక్కువ. ఫోటో మీద 50 శాతం బూడిద నింపిన లేయర్ (పొర) వేసి, దాన్ని కింది ఫోటోలో కలిపే సాఫ్ట్ లైట్ పద్ధతిలో పెట్టి, ఐదు శాతం బ్రష్‌తో కొంచెం కొంచెంగా తేల్చడం, ముదర చేయడం. పసిపిల్లల కంటి తెలుపులో లేత నీలం ఉంటుంది, నీలం స్లైడర్ ఒక పిసరు పెంచితే కళ్లు తేటపడతాయి. చిన్న గీతలను, నీడలను గట్టిపరిచే క్లారిటీ స్లైడర్ పెంచొద్దు, రెండేళ్ల బిడ్డకు నలభై ఏళ్లు వస్తాయి. చర్మం నునుపు చేయొద్దు. కిటికీ వెలుగు పక్కనుంచి పడినప్పుడు బుగ్గ అంచున బంగారు నూగులా సన్నటి వెంట్రుకలు కనబడతాయి. ఫిల్టర్ మొదట తినేది వాటినే.

ప్రింటుకు పంపేముందు జుట్టు చూడండి. మెరుపు లేని మ్యాట్ కాగితం మీద, ఇందాకటి 0 నుంచి 255 కొలతలో 15, 20కి దిగువన ఉన్నదంతా ఒకే నలుపు ముద్ద. నూనె పెట్టి దువ్విన జడ ముద్దకట్టకుండా వెలుగునీడలు సరిచేసే కర్వ్ గీతలో కిందికొసను, అంటే నలుపు వైపును, కాస్త పైకి లేపాలి. మానిటర్ వెలుగు తగ్గించుకోండి, లేకుంటే ప్రింటు నల్లగా వచ్చిందని మళ్లీ ముఖాన్నే తెల్లబరుస్తారు.

ఆ అమ్మకు వారంలో మళ్లీ ప్రింటు చేసిచ్చాను. దిష్టిచుక్క ఉంది, కాటుక కాస్త చెదిరి కంటికొసన అంటింది కూడా ఉంది. ఆమె ఫోటోలో ఆ చుక్క మీద వేలు పెట్టి, ఆ వేలిని తన తలకు ఆనించుకుని మెటికలు విరిచింది.

ఆ ఫైలు ఆమె అనుమతితో ఈ రోజు తెచ్చాను. తెర మీద రెండూ పక్కపక్కన పెడతాను. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు రండి, ఆరెంజ్ స్లైడర్ దగ్గర మొదలుపెడదాం.