మేత లేని నేలలో జింకల వేట: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది రాంచ్ భూములు కొంటున్నారు. కొన్నాక నవంబర్‌లో జింకల వేటకు వెళ్దామంటే అక్కడ జింకలే కనపడటం లేదని ఫోన్లు వస్తున్నాయి. 20 ఏళ్లకు పైగా టెక్సస్‌లో ఇలాంటి భూములు బాగుచేస్తున్న సార్ ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండి.

కాలర్ (ఫ్రిస్కో): నమస్తే సార్. మాకు బ్రౌన్‌వుడ్ దగ్గర 70 ఎకరాలుంది. నేను, మా బావమరిది కలిసి కొన్నాం. పోయిన ఎండాకాలం మా నాన్నగారు వచ్చి చూసి, ఇదేంట్రా, మన ప్రకాశం జిల్లాలో సర్కారు తుమ్మ బీడులాగే ఉంది, దీనికా ఇన్ని డాలర్లు పోశావ్ అన్నారు. సరే, అది పక్కన పెట్టండి. గింజలు పోసే ఫీడర్లు రెండు పెట్టాం. వారానికి నాలుగు బస్తాల కార్న్ పోస్తున్నాం. కెమెరాలో జింకలు పడుతున్నాయి గానీ అన్నీ అర్ధరాత్రి దాటాకే. సీజన్ మొత్తం కూర్చున్నా ఒక్కటి రాలేదు సార్. ఇంకెన్ని బస్తాలు పోయాలి?

నిపుణులు: బస్తాల సంగతి తర్వాత. పశువులున్నాయా మీ భూమిలో?

కాలర్: ఉన్నాయి సార్. పక్క రాంచ్ ఆయనకి లీజుకిచ్చాం. ఏజీ వాల్యుయేషన్ కోసం, అంటే వ్యవసాయ భూమిగా లెక్కేసి ట్యాక్స్ తగ్గిస్తారు కదా. ఆవులు ఒక 12, మేకలు ఒక 40.

నిపుణులు: అయ్యయ్యో. 70 ఎకరాలకా? ఆ వైపు వర్షాన్ని బట్టి ఒక్క ఆవుకే సుమారు 20 ఎకరాలు చూసుకోవాలండీ. ఆవు గడ్డి తింటుంది, అది సరే. మేక ఎక్కువగా తినేది మాత్రం జింక తినే మేతే. చిగుళ్లు, తీగలు, ఆకులు. జింక గడ్డి మీద బతకదు, లేత గడ్డి కాస్త కొరుకుతుంది అంతే. మీ మేకలు దాని కంచం ఖాళీ చేసేశాయి. ఓక్ చెట్ల కింద నిలబడి చూడండి, నాలుగైదు అడుగుల ఎత్తు దాకా ఒక్క ఆకు ఉండదు. కత్తిరించినట్టు ఉంటుంది.

కాలర్: అవును సార్! మా ఆవిడ ఎవరో ట్రిమ్ చేశారనుకుంది. చూడటానికి పార్కులా నీట్‌గా ఉంది.

నిపుణులు: పార్కు కాదండీ, అది ఆకలి గుర్తు. చెట్టు కింద రొట్ట లేకపోతే జింకకి తిండీ లేదు, దాక్కునే చోటూ లేదు. పగలు ఎందుకొస్తుంది? చీకట్లో వచ్చి మీ కార్న్ తిని తెల్లారేలోపు పక్క భూమికి పోతుంది. ఒక జింక తిరిగే మేర వందల ఎకరాలు. మీ 70 దానికి వంటగది మాత్రమే. నేను ప్రతి వారం చెప్తాను, మళ్లీ చెప్తున్నా. కార్న్ ఎర. కార్న్ మేత కాదు. అందులో ప్రొటీన్ 8, 9 శాతం. పెరిగే జింకకి 16 శాతం దాకా కావాలి.

కాలర్: అంటే బస్తాలు పెంచితే...

నిపుణులు: పెంచొద్దండీ! అది నెమరు వేసే జంతువు. ఆకలి మీద ఉన్నదానికి ఒక్కసారిగా గింజ కుమ్మరిస్తే పొట్ట పులిసి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఇంకోటి, ఆ బస్తాలు ఎక్కడ కొంటున్నారు? మన దగ్గర వేరుశెనగకి పట్టే బూజు విషం, అఫ్లటాక్సిన్, ఈ కార్న్‌కీ పడుతుంది. బస్తా మీద 20 పీపీబీ లోపు, అంటే వంద కోట్ల వంతుల్లో 20 లోపు, అని ఉందా లేదా చూసి కొనండి. తడిసిందైతే పారేయండి. దాని వల్ల టర్కీలు, పిట్టలు కూడా పోతాయి.

కాలర్: మరి పశువుల్ని తీసేస్తే ట్యాక్స్ పెరుగుతుంది కదా సార్, అదే టెన్షన్.

నిపుణులు: మంచి ప్రశ్న. మీ భూమికి ఇప్పటికే ఏజీ వాల్యుయేషన్ ఉంది కాబట్టి వైల్డ్‌లైఫ్ వాల్యుయేషన్‌కి, అంటే పశువుల బదులు వన్యప్రాణుల కోసం భూమిని వాడే లెక్కకి మారొచ్చు. 1995లో టెక్సస్ ఓటర్లు ఆమోదించిన పద్ధతి అది. పన్ను దాదాపు అంతే ఉంటుంది. చట్టంలో ఏడు పనులు చెప్పారు. నేలను బాగుచేయడం, మట్టి కొట్టుకుపోకుండా ఆపడం, నీళ్లు పెట్టడం, అదనపు మేత, జంతువుల లెక్క, ఇలా. అందులో మూడైనా నిజంగా చేయాలి. పన్ను కోసం భూమి విలువ కట్టే మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ముందే మాట్లాడండి. రాష్ట్ర వన్యప్రాణి శాఖ, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల బయాలజిస్ట్ ఉచితంగా వచ్చి భూమి చూసి ప్లాన్ రాసిస్తారు. మనవాళ్లు ఇది ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు.

కాలర్: సీడార్ బాగా ఉంది సార్. కొట్టించేయనా మొత్తం?

నిపుణులు: మొత్తం వద్దు. ముక్కలు ముక్కలుగా, కొంత దాపు ఉంచి కొట్టండి. సీడార్ అని మీరనేది యాష్ జూనిపర్ రకం అయితే నేల మట్టానికి కోస్తే మళ్లీ రాదు. రెడ్‌బెర్రీ రకం అయితే చిగురిస్తుంది. కొన్ని కౌంటీల్లో పాత సీడార్ మీద ఆధారపడి గూడు కట్టే వార్బ్లర్ పిట్ట ఉంది, దానికి చట్టరక్షణ ఉంది. అందుకే బయాలజిస్ట్‌కి చూపించాకే రంపం పట్టండి. ఎండ నేలకి తగిలితే కలుపు లేస్తుంది. మీరు కలుపు అనేదే జింకకి ఆకుకూర. మెస్కీట్, అదే మన సర్కారు తుమ్మ చుట్టం, దాన్నీ పూర్తిగా తీయొద్దు. ఎండాకాలం దాని కాయలు తింటాయి. నాగజెముడు కూడా తింటాయి.

కాలర్: విత్తనాలేమైనా...

నిపుణులు: అలసందలు, అనుములు. నవ్వకండి, నిజం. ఇక్కడ జింకల కోసం ఎండాకాలం వేసేవి అవే, కౌపీ, లాబ్‌లాబ్ అని అమ్ముతారు. చలికాలానికి ఓట్స్, గోధుమ. కానీ మేకలు, ఆవులు ఉండగా వేస్తే రెండాకులు వచ్చేసరికే తినేస్తాయి. కంచె కట్టి వేయండి.

కాలర్: సరే సార్. మరి ఈ నవంబర్‌కి ఎన్ని బస్తాలు...

నిపుణులు: (నిట్టూర్చి) బాబూ, బస్తాలు వదిలేయండి. ఈ నవంబర్‌కి ఇలా చేయండి. మేత తక్కువున్న నేలలో జింకకి ఒకటి రెండు చోట్లే గతి. అక్టోబర్‌లో మీ ఓక్ చెట్లన్నీ తిరగండి. ఏ చెట్టు కింద కాయలు రాలుతున్నాయో, ఏ వాగు పక్కన పచ్చగా ఉందో చూడండి. కాయ రాలినన్నాళ్లూ అవి ఫీడర్ వైపు చూడవు. పడుకునే పొద నుంచి ఆ చెట్టుకి వచ్చే దారి పట్టుకోండి. మంచె ఆ దారి మీద, గాలి మీ నుంచి పొద వైపు పోకుండా కట్టండి. వారానికి రెండుసార్లకి మించి ఎక్కొద్దు. రోజూ మనిషి వాసన తగిలితే జింక రాత్రికే మారుతుంది. మీరు ఫీడర్ పక్కనే కూర్చున్నారు, అవునా?

కాలర్: అవును సార్, 40 గజాల్లో.

నిపుణులు: చూశారా.

యాంకర్: థాంక్యూ అండీ, చాలామంది లైన్లో ఉన్నారు. చికాగో నుంచి కాల్.

కాలర్ (చికాగో): సార్, ఇక్కడ మా ఫ్రెండ్ పొలంలో కార్న్ పోసి...

నిపుణులు: ఆగండి. ఇల్లినాయ్‌లో ఎర పోసి జింకని వేటాడటం నేరం. నేను చెప్పేది టెక్సస్ ప్రైవేటు భూమి మాట. ఇక్కడ కూడా నేషనల్ ఫారెస్ట్‌లో పోయకూడదు. ఒక్క గింజ కూడా వద్దు.

యాంకర్: ధన్యవాదాలు. నెక్స్ట్, ఇర్వింగ్.

కాలర్ (ఇర్వింగ్): నేను హెచ్1బీ మీద ఉన్నా సార్. వేటకి రైఫిల్ పట్టుకోవచ్చా?

నిపుణులు: వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకీ నిషేధించింది. చెల్లే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కానీ ఒక లాయర్ని అడిగి, ఆయన సరే అన్నాకే ముట్టుకోండి. గ్రీన్ కార్డు దారిలో ఉన్నారు, పొరపాటు చేయొద్దు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

యాంకర్: ప్లేనో నుంచి ఒక మేడమ్.

కాలర్ (ప్లేనో): నమస్కారమండీ. మా భూమి చూసిన బయాలజిస్ట్ ఆడజింకల్ని తగ్గించమన్నారు. మా వారు సరే అంటున్నారు గానీ నాకు మనసొప్పడం లేదు. తల్లి కదండీ.

నిపుణులు: అర్థమైందమ్మా. నాకూ మొదటిసారి చేయి వణికింది. ఇక్కడ పిల్లలు మే, జూన్‌లలో పుడతాయి. నవంబర్‌కి పాలు మానేసి సొంతంగా మేస్తుంటాయి. మేత పది జింకలకే ఉన్నచోట ఇరవై ఉంటే, ఫిబ్రవరిలో ఎముకలు తేలి పడిపోతాయి. నేను చూశాను, తూటా కన్నా అది ఘోరం. మగవాటినే కాల్చి ఆడవాటిని వదిలేస్తే నోళ్లు పెరుగుతూనే ఉంటాయి. మీ కౌంటీలో ఎన్నింటికి అనుమతో చూసుకుని, అంతలోనే తీయండి. మాంసం మీకు వద్దంటే హంటర్స్ ఫర్ ది హంగ్రీ అనే దాన కార్యక్రమం కింద తీసుకునే ప్రాసెసర్‌కి, అంటే మాంసం కోసి ప్యాక్ చేసేవాళ్లకి ఇవ్వండి, పేదవాళ్ల ఇంటికి చేరుతుంది.

కాలర్: అలాగేనండీ. కాస్త ధైర్యం వచ్చింది.

యాంకర్: థాంక్యూ మేడమ్. ఒక్క నిమిషమే ఉంది. మొదటి కాలర్ మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్ (ఫ్రిస్కో): సార్, లీజు ఆయనతో మార్చి దాకా ఒప్పందం ఉంది. అప్పటిదాకా?

నిపుణులు: ముందు మేకల్ని తీసేయమని అడగండి. ఆవుల సంగతి మార్చిలో చూద్దాం. ఫీడర్ ఆపేయాలంటే ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా తగ్గించండి. మంచె ఎక్కినప్పుడు జింక వెనకాల ఏముందో చూడకుండా కాల్చొద్దు, పక్క భూమిలో మనుషులుంటారు.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో మిగిలినవాళ్లు వచ్చే శనివారం మళ్లీ కాల్ చేయండి. సార్‌కి ధన్యవాదాలు.